పద్నాలుగు నంబరు తల ఉన్న బోల్టు

పోయిన చలికాలంలో జ్వరం తగ్గి లేచిన మా అమ్మ, జావ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మీ, మీ నాన్న బండి ఉందా, తుక్కుకేసేసేవేటి?"

కాగితాల్లో నాన్న పేరే ఉన్నా ఆ బండి నడిపింది అమ్మే. జపానులో తయారైన ఇంజనుతో వచ్చిన నూరు సీసీ బండి, ఎర్ర ట్యాంకు. అమ్మ లక్ష్మీపూర్‌లో నర్సుగా చేసేటప్పుడు కొండ ఊళ్లకు జీపు వెళ్లేది కాదు. నాన్న కొరాపుట్ దగ్గర టౌన్‌షిప్పులో ఫిట్టరు. ఆదివారం చర్చి అయ్యాక ఖాళీ మైదానంలో అమ్మను బండెక్కించి, క్లచ్చు పట్టడం నేర్పించాడు. మూడు వారాలకి ఆవిడ చీర కుచ్చిళ్లు పైకి దోపి, టీకాల డబ్బా వెనక కట్టుకుని ఒక్కతే ఘాటీ కొండదారి ఎక్కేసింది. సెలవుల్లో నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేది. ట్యాంకు వేడి, కాలిన ఆయిలు వాసన, అమ్మ గడ్డం నా నెత్తికి తగులుతుండటం నాకిప్పటికీ గుర్తే. వంపు తిరగకముందే బండి చప్పుడు విని పిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్లు దారి పక్కకు వచ్చేవాళ్లు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. బండి మాత్రం ఎన్ని క్వార్టర్లు మారినా నాతోనే వచ్చింది. ఇప్పుడు కొరాపుట్‌లో మా ఇంటి వెనక రేకుల కింద ఉంది.

"ఉందమ్మా" అన్నాను.

"నడుస్తాదేటి?"

నడిపిద్దామని ఆ వారమే ఒక మెకానిక్కును పిలిచి మొదలుపెట్టాను. బడిలో లెక్కలు చెప్పుకునే మనిషినే అయినా, చేతులు నల్లగా చేసుకోవడం కొత్త కాదు. చిన్నప్పుడు నాన్నకు పానాలు అందించింది నేనే. టైర్లు, బ్యాటరీ, కార్బురేటరు కడగడం, అన్నీ సాగాయి. ఎడమవైపు వెనక షాకబ్జార్బరు దగ్గర మాత్రం ఆగిపోయాం. దాన్ని కింద పట్టి ఉంచే బోల్టు లేదు. ఏ ఇల్లు మారినప్పుడో పోయింది.

హార్డ్‌వేర్ షాపులో కుడివైపు బోల్టు చూపించాను. అతను మందం కొలిచి, "పది ఎమ్మెమ్" అని ఒకటి ఇచ్చాడు. తల మాత్రం పెద్దది. మనదానికి పద్నాలుగు నంబరు పానా సరిపోతుంది, దీనికి పదిహేడు కావాలి. తలదేముందిలే అనుకున్నాను. ఇంటికొచ్చాక మెకానిక్కు దాన్ని పెట్టాడు. రెండు చుట్లు తిరిగి ఆగిపోయింది.

"తుప్పు మేడం, టైటుగా ఉంది" అంటూ పానాకి పైపు తగిలించి నొక్కాడు. కిర్రుమంది.

"ఆపు!" అని అరిచాను. నా గొంతులో నాన్న గొంతే వినిపించింది నాకు.

బోల్టు వెనక్కి తీస్తే దాని మొనకు ఇనుప పొడి అంటుకుని వచ్చింది. బండికి బోల్టు ఎక్కే రంధ్రంలోని మరలు గీరుకుపోయాయి. ఇన్నేళ్లు పాడవకుండా ఉన్నది నా తొందరలో పాడైంది.

నాన్నతో కలిసి పనిచేసిన ఒకాయన రాయగడలో ఉంటారు. నేను చిన్నాన్న అంటాను. ఆ రంధ్రం ఉన్న, వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చట్రాన్ని ఊడదీసి, గోనెసంచిలో చుట్టి రాయగడ రైలెక్కాను. ఎదుటి సీటావిడ ఏమిటని అడిగితే మోటారు సైకిలు కాలు అన్నాను.

చిన్నాన్న కళ్లజోడు పెట్టుకుని చట్రాన్ని వెలుతురుకు తిప్పారు.

"పట్టకపోతే బలవంతంగా తిప్పేసేరేటమ్మీ?"

"మెకానిక్కు తిప్పేడు చిన్నాన్నా."

"నువ్వక్కడే ఉన్నావు గదా!"

కుడివైపు పాత బోల్టూ, షాపుదీ తీసి ఇచ్చాను. ఆయన నా రెండు బోల్టుల్నీ తీసుకుని, మరకు మర ఆనించి కిటికీకి ఎదురుగా పట్టారు. మొదటి రెండు మూడు మరలు కలిసినట్టే ఉన్నాయి. ఆ పైన సందులోంచి వెలుతురు కనబడింది.

"సూసేవా? మందం ఒకటే. షాపుదానికి మరకీ మరకీ మజ్జిన ఒకటిన్నర మిల్లీమీటరు. జపానోడిది ఒకటింపావు. సన్న మర. ఎక్కడికెళ్లినా పాతదాన్ని పక్కన పెట్టి ఇలాగ సూడాల. వెలుతురు రాకపోతే అదే నీ బోల్టు."

ఆయన పాత పెట్టెలోంచి రంధ్రంలో మరలు కోసే సన్న మర ట్యాపు తీసి, నూనె రాసి, అర చుట్టు ముందుకీ పావు చుట్టు వెనక్కీ తిప్పుతూ మరలు శుభ్రం చేశారు. గంట పట్టింది. మా మాటలన్నీ నాన్న గురించే. లోపల మరలు నాలుగింట మూడు వంతులు నిలిచాయి. "సాల్తాదిలే" అన్నారు. బోల్టు మాత్రం ఆయన దగ్గర లేదు. రాయగడలో నాలుగు షాపులు తిరిగాను. అన్నిచోట్లా ఒకటిన్నరే.

తిరుగు రైలుకు ముందు ఫోన్ చేస్తే చిన్నాన్న ఆలోచించి చెప్పారు. "ఊరంతా తిరిగే ఆ సిన్న కార్లున్నాయి గదా, వాటిదీ జపానోళ్ల కొలతే. కార్లు ఇప్పేవోళ్లని అడుగమ్మీ."

టికిరి సంతలో కార్ల సామాను విప్పి అమ్మే ఒకతను ఉన్నాడని తెలిసి, ఆ శనివారం వెళ్లాను. రేకు డబ్బాలో బోల్టుల గుట్ట. నేల మీద కూర్చుని ఒక్కోటీ నా బోల్టు పక్కన పెట్టి ఆకాశానికి ఎత్తి చూస్తుంటే, పక్కన అల్లం అమ్ముతున్న ముసలామె నవ్వి, తనూ ఏరి అందించడం మొదలుపెట్టింది. ఏడోదో ఎనిమిదోదో, మరలు ఒకదాన్లో ఒకటి కూర్చున్నాయి. వెలుతురు లేదు. తల పద్నాలుగు. అంగుళం పొడవు ఎక్కువుంది, అంతే. రంపంతో కోసుకున్నాను.

ఇంట్లో దాన్ని చేత్తోనే తిప్పాను. చివరిదాకా వేళ్లతోనే వెళ్లింది. పానా చివర్లో మాత్రమే కావలసివచ్చింది.

ఆదివారం అమ్మను వెనక కూర్చోబెట్టుకుని కుందుర వైపు తీసుకెళ్లాను. కోతలైన పొలాల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది. కొంత దూరం వెళ్లాక అమ్మ నా చెవి దగ్గరకు వంగింది.

"ఆ అడివిలో ఒక్కదాన్నే ఎల్తుంటే ఎంత భయమేసేదో తెలుసా? గట్టిగా పాటలు పాడుకునేదాన్ని. మీ నాన్నకి సెప్పలేదు. సెప్తే ఎల్లనిస్తాడేటి?"

ఏ పాటలని అడిగాను. గేరు మార్చమంది.