మహేష్ ఇచ్చిన సపోర్ట్

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కంప్యూటర్ మొరాయిస్తే దుకాణదారులు ముందు దానికి రెండు దెబ్బలు తగిలిస్తారు, తర్వాత మహేష్‌కు ఫోన్ చేస్తారు. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. ఎల్‌బీ నగర్‌లో కిరాయికి ఉంటూ, బండి మీద తిరుగుతూ చిన్న చిన్న దుకాణాల కంప్యూటర్లు బాగుచేస్తాడు. పిలిస్తే పలుకుతాడు, వస్తానంటే వస్తాడు. ఈ ఊళ్ళో అదేం తక్కువ సంగతి కాదు.

ఎక్కడికి వెళ్ళినా అతను మొదట చేసే పని అప్‌డేట్లు బంద్ పెట్టడం. గిరాకీ నిలబడి ఉండగా తెర మీద సున్నా గిరగిరా తిరుగుతుంటే ఎవరికి ఒళ్ళు మండదు? "అన్నా, జర గీ పీడ వదిలించు" అని వాళ్ళే బతిమాలేవారు. దొంగలు దూరే కంతలను కంపెనీ పూడ్చేది ఆ అప్‌డేట్లతోనే అని వాళ్ళకు తెలియదు. మహేష్‌కు తెలిసింది అరకొర.

చైతన్యపురిలో ఒక మేడ మీద కుసుమకుమారి దుకాణం. గుంటూరు వైపు ఆవిడ. భర్త పోయాక జాకెట్ల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేస్తూ బతుకుతోంది. అందరూ కొనుక్కొచ్చిన డిజైన్లు వేస్తుంటే ఈవిడ సొంతంగా గీసేది. ఆవిడ గీసిన నెమలి తోక వీపు మీద మొదలై భుజం దాటి చేతి మీదికి జారేది. దానికోసమే పెళ్ళివాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవారు. ఆ డిజైన్లన్నీ ఒక పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. దానికి కొత్త విండోస్ పట్టదు. డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో నడవదు. ఆవిడ బతుకుతెరువంతా ఆ పెట్టెలోనే ఉంది.

ఒకరోజు ఆవిడ ఫోన్ చేసింది. "మహేష్ బాబూ, మన పాత విండోస్‌కి సపోర్టు అయిపోతోందంట కదా. కొంచెం కడితే ఇంకొన్నాళ్ళు పొడిగిస్తారని పేపర్లో వేశారు. తీసుకోమంటావా?"

ఆ మాట మహేష్‌కు గుచ్చుకుంది. అతని లెక్కలో సపోర్ట్ అంటే పిలవగానే వచ్చే మనిషి. ఇన్నేళ్ళుగా తానుండగా ఇంకెవరికో కట్టడమేమిటి?

"ఎందుకమ్మా దండుగ? నేనున్న గద! ఏమన్న అయితే ఫోన్ చెయ్యిన్రి, ఎంటనే ఒస్తా."

ఆ పొడిగింపు దేనికో అతనికి నిజంగా తెలియదు. చెడ్డవాడు కాదు పాపం, తెలియదనడం ఒక్కటే చేతకాదు.

ఆ సపోర్టు అయిపోయాక, పెళ్ళిళ్ళ రోజుల్లో, ఒక ఉదయం ఆవిడ కంప్యూటర్ తెరిస్తే ఒక్క డిజైనూ తెరుచుకోలేదు. పైసలు కడితేనే వదులుతామని తెర నిండా బెదిరింపు. మహేష్ అన్న మాట ప్రకారం వెంటనే వచ్చాడు. పొద్దుగూకేదాకా కుస్తీ పట్టాడు. డిజైన్లకు రెండో కాపీ ఉంటుందని తానే పెట్టిన హార్డ్ డిస్క్ ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉండేది కాబట్టి దానికీ అదే గతి పట్టింది. తెలిసినవాళ్ళందరి దగ్గరికీ మోసుకెళ్ళాడు. అందరూ తల అడ్డంగా ఊపారు.

ఆవిడ ఒప్పుకున్న జాకెట్లన్నీ వెనక్కి ఇచ్చేసింది. దుకాణం ఖాళీ చేసి, కొత్తపేటలో వేరేవాళ్ళ షాపులో చేతి కుట్టు పనికి ఒప్పుకుంది. కళ్ళజోడుతో కూడా సూది సరిగ్గా కనబడని వయసులో. కంప్యూటర్ తీసుకెళ్ళమని మహేష్‌ను పిలిచింది.

అతను పెట్టె ఎత్తబోయి ఆగాడు. ఎంత దాచుకున్నా ఇక లోపల ఇమడలేదు.

"అమ్మా, ఆనాడు మీరడిగిన సపోర్ట్ గీ దొంగలు రాకుంట ఆపేదంట. మొన్న చదివిన. అప్పుడు నాకెర్కలేకుండె."

తిడుతుందనుకున్నాడు. తిడితే ప్రాణం కుదుటపడేది. ఆవిడ దారపు ఉండలు సంచిలో సర్దుతూ తలెత్తకుండానే అంది.

"తెలీదని ఆ రోజే అనుంటే, ఇంకొకర్ని అడిగేదాన్ని కదా బాబూ."