ఆరు పూతల మైనం

ఎదురింటి మిద్దె మీద పగిలిన నీళ్ల ట్యాంకుకు ఎవరో అతుకు వేస్తున్నారు. ముక్కును పొడిచే ఆ జిగురు వాసన గాలికి మా మగ్గం దాకా వచ్చింది. కోడలు కొంగు అడ్డం పెట్టుకుని కిటికీ వేయబోతే ఉండనీయమన్నాను. నాకు అది నర్సింహులన్న వాసన.

గద్వాలలో మా ఇంటి పక్కనే ఆయన షెడ్డు. లారీల సొట్టలు తీసే పని. నేను చదివింది మూడో తరగతి, ఆయన అంత కూడా కాదు. అయినా పాత కారు ఇంజనొకటి తెచ్చి, ఇనుప గొట్టాలతో చట్రం కట్టి, ఇద్దరే కూర్చునే స్పోర్ట్స్ కారు సొంతంగా చేయడం మొదలుపెట్టాడు. బానెట్, తలుపులు అన్నీ ఫైబర్‌వే. చూసినవాళ్లు తాబేలు చిప్ప అని నవ్వితే తానూ నవ్వి పనిలో పడేవాడు. వనపర్తిలో ఆయనకు పని నేర్పిన ఉస్తాదుకు షుగరు వల్ల చూపు తగ్గిపోతోంది. అది పూర్తిగా పోకముందే కారు చూపించాలని ఆయన ఆరాటం.

బానెట్‌కు అచ్చు చేయడానికే ఒక ఎండాకాలం పట్టింది. ఆ అచ్చులో ఫైబర్ అనే గాజు నార పరిచి జిగురు పట్టిస్తే, గట్టిపడ్డాక బానెట్ ఊడి రావాలి. రావాలంటే ముందే అచ్చుకు మైనం పూసి గుడ్డతో మెరుగు పెట్టాలి, అదీ ఆరుసార్లు. మగ్గానికెక్కే పడుగు నూలుకు గంజి పెట్టే చేయి కదా అని ఆ పని నాకప్పగించాడు.

నేను మూడు పూతలతో ఆపాను. గంజి ఎక్కువైతే నూలు పెళుసవుతుందని పుట్టినప్పటి నుంచి విన్నదాన్ని. మైనం కూడా అంతే అనుకున్నాను. పైగా సగం డబ్బా మిగిలిందని లోపల సంబరం. ఎన్ని పూతలు పూశావని ఆయన అడిగితే ఆరు అన్నాను.

బానెట్ ఊడలేదు. సందుల్లో చెక్క చీలికలు దూర్చాడు, నీళ్లు పోశాడు, కొయ్య సుత్తితో తట్టాడు. చివరికి బానెట్‌తో పాటు అచ్చు కూడా చీలిపోయింది. అప్పుడు ఆయన చూపు గూట్లో ఉన్న మైనం డబ్బా మీద పడింది. తీసి చేత్తో బరువు చూశాడు.

"మైనం మిగిలింది చెల్లె. అచ్చు మిగల్లే."

అంతే అన్నాడు. సాయంత్రం ఆయన భార్య ఎల్లమ్మ వదిన వచ్చి ఎవరి తప్పని నిలదీస్తే, ఎండకు జిగురు జల్దీ గట్టిపడ్డదని, తప్పు తనదేనని చెప్పాడు. పక్కనే ఉన్న నేను చీలిన ముక్కలు ఏరుతూ ఉండిపోయాను. మర్నాడు పొద్దున్నే షెడ్డుకు పోయాను.

"మూడే పూసిన అన్నా. అబద్ధం చెప్పిన."

"నాకు తెల్వదా" అంటూ అదే డబ్బా, అదే గుడ్డ నా చేతిలో పెట్టాడు. "కొత్తదానికి గూడ నువ్వే పుయ్యాలె."

నన్నింకా ఎట్లా నమ్ముతావని అడిగాను.

"అచ్చు పగలగొట్టి నేర్చుకున్నవ్. ఇంకొకరికి నేర్పాలంటే ఇంకో అచ్చు పగలాలె గద."

కొత్త అచ్చుకు వానాకాలమంతా పోయింది. ఈసారి ఆ డబ్బాలో కొత్త మైనం కూడా నింపుకుని, ఆరు పూతలూ పూసి, డబ్బా అడుగు కూడా గీకాను. బానెట్ టప్పుమని ఊడొచ్చింది. కారు పూర్తికాగానే అందులో నన్నూ వనపర్తి తీసుకుపోయాడు. అప్పటికి ఉస్తాదుకు వెలుతురు తప్ప ఏమీ కనబడడం లేదు. రెండు అరచేతులతో బానెట్‌ను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తడిమాడు.

"యాడ గూడ గరుకు లేదు. ఎవరి చెయ్యిరా ఇది?"

"మా చెల్లెది ఉస్తాద్."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను మిగిల్చిన ఆ మూడు పూతలే లేకుంటే, ఆ ముసలాయన కళ్లతో చూసేవాడేమో.

నర్సింహులన్న ఇప్పుడు లేడు. నా పొదుపు పోలేదు, పోదు. ఈనాటికీ దారం ముక్క పారేయను. ఆ మైనం డబ్బాలోనే సూదులు దాచుకుంటాను. కాని పనిలో మాత్రం మిగుల్చుకోను. మొన్న కోడలు గంజి మరీ చిక్కగా పెట్టి పడుగు పాడుచేసింది. పోగులు పుటపుటా తెగిపోయాయి. తిట్టు నాలిక చివరిదాకా వచ్చింది. మింగి, గంజి కుంచె కడిగి, ఆమె చేతికే ఇచ్చాను.

"కొత్తదానికి గూడ నువ్వే పెట్టాలె" అన్నాను.