మల్లవ్వ కిరాయిదారులం

చేవెళ్ల మార్కెట్లో తడి కొత్తిమీర వాసన తగిలితే చాలు, మొయినాబాద్ మల్లవ్వ గుర్తొస్తుంది. పొద్దున్నే కొత్తిమీర కట్టలు కట్టి, ఆ తడి చేతులతోనే మా గడప ముందుకొచ్చి "లేసిన్రా, ఇంకా పండిన్రా?" అని గద్దించేది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఆమె ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాం. నాన్న దగ్గర్లోని ఫామ్‌హౌస్‌లో తోటపని చేసేవాడు.

నాన్నకు ఊపిరితిత్తులు చెడిపోయిన సంగతి అమ్మ ఆమెకు చెప్పలేదు. కిరాయి ఇంట్లో ప్రాణం పోతే కీడని, ఇల్లు నెలల తరబడి మూసేయాలని అందరికీ భయం. అందుకే జబ్బు మనిషి ఉన్నాడంటే గది ఇవ్వరు. అమ్మ మందులు బియ్యం డబ్బాలో దాచేది. నాన్న దగ్గినప్పుడల్లా నేను టీవీ సౌండు పెంచేదాన్ని. మల్లవ్వకు ఏమీ వినపడదనుకున్నాం, ఎంత తెలివైనవాళ్లమో!

ఒక రాత్రి ఊపిరాడక తీసుకెళ్తే, దవాఖానలో ఇక లాభం లేదు, తీసుకెళ్లిపొమ్మన్నారు. అమ్మ అంబులెన్సును శ్రీకాకుళం పోనిమ్మంది. దారిలోనే పోతాడని మా ఇద్దరికీ తెలుసు. సామాను కోసం గది ముందు ఆగితే, మల్లవ్వ వచ్చి బండికి అడ్డం నిలబడింది.

"యాడికి?"

"ఊరికమ్మా. మీ ఇంటికి కీడు రానివ్వం," అమ్మ చేతులు జోడించింది.

"కీడేందే? ఆర్నెల్ల సంది ఆ దగ్గు నాకు వినవడ్తలేదా? దించుండ్రి."

ఊళ్లో పెద్దమనిషైన ఆమె మరిది పరుగున వచ్చాడు. "వదినె, పరాయి పీనుగును ఇంట్ల పెట్టుకుంటవా?"

"మనిషింకా ఊపిరి తీస్తుండు, పీనుగంటవా? నోరు కడుక్కొని రాపో!" అని కసిరి, కాస్త మెల్లగా అంది: "ఇన్నొద్దులు మనింట్ల ఉన్నోడు, పోయే పూట రోడ్డు మీదికా?"

నాన్న మూడు రోజులు బతికాడు, మల్లవ్వ సొంత మంచం మీద. ఆ మూడు రోజులు తలుచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది. పోయాక ఆమె వాకిట్లోనే నాన్నను పడుకోబెట్టాం. పాడె మోయడానికి మావాళ్లు ముగ్గురే ఉన్నారు. నాలుగో వైపు ఆ మరిదే భుజం పెట్టాడు. ముఖం మాత్రం ముడుచుకునే ఉన్నాడు. గది మూసెయ్యమని ఇరుగుపొరుగు పోరితే మల్లవ్వ ఒక్కటే మాట అంది: "ఆడపిల్లను వెంటేసుకొని ఆమె యాడికి పోతది? నేను మూయ." నా చదువు అయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాం.

మల్లవ్వ ఇప్పుడు లేదు. చేవెళ్లలో నావి రెండు గదులున్నాయి. చూడడానికి వచ్చినవాళ్లకు నీళ్లూ కరెంటూ చెప్పాక, "ఈ ఇంట్లో జబ్బు పడొచ్చు, బిడ్డను కనొచ్చు, పోవాల్సొస్తే పోవచ్చు కూడా" అని నేనే చెప్తాను. ఇవేం అపశకునం మాటలని కొందరు అటు నుంచి అటే వెళ్లిపోతారు. మొన్న ఒడిశా నుంచి వచ్చినామె మాత్రం, నా వచ్చీరాని హిందీలో ఆ మాట విని, భుజాన సంచి కింద పెట్టేసి, వీధి మలుపులో నిలబెట్టి వచ్చిన తన ముసలి తల్లిని పిలుచుకురావడానికి పరుగెత్తింది.