ఉగాదికి మారదామనుకున్న కదిరప్ప

మా బావ కదిరప్ప చాలా మంచివాడని గార్లదిన్నె దగ్గర మా పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. ఆ మాట వింటే నాకిప్పుడు ఒళ్లు మండుతుంది. ఆ మంచితనమే మా అక్క తిమ్మక్కను కడసారి చూసుకోనివ్వకుండా చేసింది.

బావ గోడలకు సిమెంటు పూత పూసే పనివాడు. వానల్లేక వేరుశనగ వరసగా ఎండిపోయి, మా ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవాళ్లే లేకపోయేసరికి గల్ఫుకు పోయాడు. వీసా ఇచ్చిన అరబ్బు యజమానిని అక్కడ కఫీలు అంటారు. ఆ కఫీలు బావకు పనేమీ చూపలేదు. పని బావే వెతుక్కోవాలి, సంపాదనలో కొంత ఆయనకు కట్టాలి, పాస్‌పోర్టు మాత్రం ఆయన బీరువాలో ఉంటుంది. కొన్నాళ్లకు అక్కడ ఇంకో దారి తెరిచారు. ఇలాంటి పనివాళ్లు సొంత పేరు మీదే పర్మిట్ రాయించుకోవచ్చన్నారు. అప్పుడు తమకు తామే యజమానులు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని ఎప్పుడంటే అప్పుడు ఇంటికి రావచ్చు.

బావ గదిలోనే ఉండే మడకశిర వీరేష్ వెంటనే రాయించుకున్నాడు. చెల్లెలి పెండ్లి కుదిరిందని తెలియగానే విమానమెక్కి వచ్చేశాడు. మా బావ మాత్రం కదల్లేదు. నేను ఫోన్లో గట్టిగానే అడిగాను.

"ఏం బావా, ఇంకా రాయించుకోకుండా ఏం చేస్తాండావు?"

"ఉగాది కానీ రామాంజీ. ఉగాదికి మారతా."

"ఆ అరబ్బోనికి ఉగాది ఏం తెలుసు?"

"ఆయనకు తెలీకపోతేనేం, నాకు తెలుసు కదప్పా. కంబళి తీసుకున్యా. నడి ఏట్లో ఎట్ల ఇడిసిపెట్టేది?"

ఈ కంబళి సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో రైతు ఇంట జీతానికుండేవాడు ఉగాదికి కుదిరితే మళ్లీ ఉగాదికే మారాలి. కుదిరిన రోజు యజమాని కంబళి ఇప్పిస్తాడు. అది భుజాన వేసుకున్నాక నడి ఏట్లో, అంటే ఏడాది మధ్యలో మానేసినవాడికి ఊళ్లో ఇంకెవరూ పని ఇవ్వరు. బావ వాళ్ల నాయన బయ్యన్న అనే రైతు ఇంట జీతగాడిగానే బతుకు వెళ్లదీశాడు. ఏనాడూ నడి ఏట్లో కంబళి తిరిగి ఇవ్వలేదని ఆ ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. ఖర్మ కాకపోతే, మా బావ గల్ఫులో దిగింది కూడా ఉగాది మరుసటి రోజే. కఫీలు మనిషి ఒకడు వచ్చి చేతిలో ఒక దుప్పటి పెట్టాడట. అంతే, ఈయన తాను జీతానికి కుదిరిపోయాననుకున్నాడు!

మా అక్క కూడా ఊరుకోలేదు. ఆమెకు నోరెక్కువ. "దుప్పటిచ్చినోనికే ఇంత ఇదైపోతాండావే, పిల్లనిచ్చినోళ్లకు ఏమియ్యాల?" అని ఫోన్లోనే దులిపేసేది. ఆయన నవ్వేవాడు. చివరికి ఆమే మెత్తబడింది. "సరే, ఉగాదికంటే ఉగాదికే. పేరు రాయించుకోని నేరుగా ఇంటికి రా" అంది.

ఉగాది ఇంకా నెల ఉందనగా అక్కకు కామెర్లొచ్చాయి. పసరు మందు తాగి తగ్గిందనుకుంది. తగ్గలేదు. కడుపు ఉబ్బిపోయాక అనంతపురం ఆస్పత్రిలో చేర్చాను. డాక్టరు చూసి, ఇంటాయనను పిలిపించండి అన్నాడు. బావ పాస్‌పోర్టు కోసం పరుగెత్తాడు. కఫీలు వేరే దేశం పోయాడు, బీరువా తాళం ఆయన వెంటే ఉంది. ఎంబసీలో కొత్త కాగితం కోసం తిరిగితే అందుకు టైం పడుతుందన్నారు. బావ ఫోన్లో ఏడవడం, నేను ఆస్పత్రి వరండాలో నిలబడి ఆయన్ను తిట్టడం, అదీ మా మాట.

అక్క మగతలోంచి లేచినప్పుడల్లా ఒకటే అడిగేది.

"మీ బావ పేరు రాయించుకున్యాడా?"

"రాయించుకున్యాడక్కా. బయల్దేరినాడు."

"అట్లయితే వచ్చేస్తాడులే" అని కళ్లు మూసుకునేది. ఆమె అడిగిన ప్రతిసారీ నేను అదే చెప్పాను. ఒక పొద్దున ఆమె అడగలేదు.

బావ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. అక్కను పూడ్చిన మట్టి కూడా ఆరిపోయింది. బస్సు దిగిన మనిషి చంకలో ఆ దుప్పటి ఉంది. అది చూసి నాకు కోపం ఆగలేదు.

"అది గూడా మోసకొచ్చినావా బావా? యాడన్నా పారెయ్ ముందు!"

ఆయన పారెయ్యలేదు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు.

"కఫీలు వచ్చినాడని తెలిసి పోయినా. నడి ఏట్లో పోతాండా కదా, దుప్పటి తిరిగిచ్చి తప్పు మన్నించమని అడగాలనుకున్యా. ఆయన బీరువాలోంచి పాస్‌పోర్టుల కట్ట తీసి నా ముందర పడేసినాడు. నీది యేదో ఏరుకో అన్యాడు. ఆయనకు నా పేరు గూడా తెలీదు రామాంజీ. దుప్పటి చూపిస్తే, ఇదేంది, నాకెందుకు అన్యాడు."

ఆయన్ను తిట్టడానికి ఎన్ని మాటలు దాచుకున్నానో! లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను.

పక్కింట్లో పండక్కని గోడలకు సున్నం కొడుతున్నారు. బావ అటు చూస్తూనే అడిగాడు.

"మీ అక్క నన్నేమన్నా తిట్టిందా?"

"లేదు బావా. నువ్వు పేరు రాయించుకున్యావని, బయల్దేరినావని చెప్పినా. నమ్మింది."

"నమ్మిందా!" అన్నాడు.

తిట్టిందంటే తట్టుకునేవాడేమో. ఉగాది ఇంకా రానే లేదు. ఆ దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని, సున్నం కొడుతున్నవాళ్లు పని ఆపి చూసేలా ఏడ్చాడు.