పూడ్చని గుంత

మొన్న మా పక్కింటి ముసలామె పోతే కబరస్తాన్‌కు జేసీబీ వచ్చింది. చాయ్ తాగి గ్లాసు కడిగేంతలో గోరీ తవ్వడం అయిపోయిందట. మా పాన్‌గల్ నేల సంగతి ఆ మిషన్‌కేం తెలుసు? మా ఇంటాయన నలభై ఏళ్లు చేత్తో తవ్వాడు. కూలికి కాదు, పుణ్యానికి. కూటికి బస్టాండు దగ్గర పంక్చర్ల దుకాణం ఉండేది. జానెడు లోతు పోగానే రాయి తగిలే నేల మాది. ముందు నీళ్లు పోసి నానబెట్టి గడ్డపారతో పొడవాలి. అలా పొడిచి ఇంటికొచ్చిన రోజు ఆయనకు నన్ను తిట్టే ఓపిక కూడా ఉండేది కాదు. మిగతా రోజుల్లో ఆ లోటు తీర్చేవాడు.

ఒక ఎండాకాలం మా మసీదులో అజాన్ ఇచ్చే పెద్దాయనను కర్నూలు దవాఖానలో వేశారు. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మన్నారని కబురొచ్చింది. ఆ కబురు వింటే మా దగ్గర మనిషి పోయినట్టే లెక్క. మా ఆయన గడ్డపార భుజాన వేసుకున్నాడు. సాయంత్రానికి గోరీ తయారైంది, జీపూ వచ్చింది. పెద్దాయన ఇద్దరి భుజాలు పట్టుకుని దిగి, చాయ్ కావాలన్నాడు. ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు అజాన్ ఇచ్చాడు. ఊరంతా నవ్వింది, నేనూ నవ్వాను. కానీ మా పుట్టింటి వైపు ఒక నమ్మకం ఉంది. తెరిచిన గోరీని ఖాళీగా ఉంచితే అది ఎవరినో ఒకరిని అడుగుతుందని భయం. వెంటనే పూడ్చాలి, లేదా జొన్నల మూటైనా అందులో పెట్టాలి.

"ఇయ్యాల్నే పోయి పూడ్చి రారాదా?" అన్నాను.

"చేతులు జూడు, బొబ్బలెక్కినయ్. రాత రాసేది అల్లా గాని, గుంత గాదు. రెండు దినాలైనంక పూడుస్త."

మూడో రోజు మా పాపకు జ్వరం వచ్చింది. నాలుగేళ్లది, దుకాణంలో పాత ట్యూబు ముక్కలు ఏరుకుని ఆడుకునేది. బస్సులో ఒళ్లో పెట్టుకుని వనపర్తి దవాఖానకు తీసుకుపోయాం. మర్నాడు పొద్దున పోయింది. ఆడవాళ్లం కబరస్తాన్‌కు పోము; అక్కడ జరిగింది మా మరిది చెప్పాడు. తవ్వింది ఉండగా ఇంకోటి ఎందుకన్నారట పెద్దలు. అది పెద్ద మనిషి కొలతకు తవ్వింది. మా ఆయనే అందులోకి దిగి, రాళ్లు పేర్చి, మట్టి నింపి, దాన్ని పిల్ల కొలతకు తెచ్చాడట.

తర్వాత కూడా ఆయన ఆ పని మానలేదు. కాకపోతే పోయినవారి ముఖం కళ్లారా చూడనిదే గడ్డపార ముట్టేవాడు కాదు. అప్పుడప్పుడు సాయంత్రం మగ్రిబ్ నమాజు నుంచి వచ్చి నా ముందు కూర్చునేవాడు. "నువ్వు చెప్పినవు. నేనే ఇనలే," అనేవాడు. నేను ఎల్లిపాయలు ఒలుచుకుంటూ ఉండేదాన్ని. నిజానికి ఆ నెలలోనే మా వాడలో ఇంకో ఇద్దరు పిల్లలు అదే జ్వరంతో పోయారు. వాళ్లకు ఎవరూ ముందుగా గుంత తవ్వి పెట్టలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. దేవుడి మీద కోపం తెచ్చుకునే ధైర్యం నాకు లేదు. మొగుడైతే ఎదురుగా ఉన్నాడు.

పోయిన రంజాన్‌కు ముందు ఆయనా పోయాడు. చివరి వారం దవాఖాన మంచం మీద మళ్లీ అదే మాట అన్నాడు. నీ తప్పేం లేదని చెబుదామనుకున్నాను.

"జర పాలు తాగు," అన్నాను.

ఏళ్లు గడిస్తే కోపం పోతుందని అందరూ చెబుతారు. నిజమే, నాది ఎప్పుడో పోయింది. పోయిందని ఆయనకు చెప్పకుండానే ముప్పై ఏళ్లు కాపురం చేశాను.