గంధం రంగు చీర మీద చెమట చుక్క

సరసమ్మ పగటిపూట కుదురుగా కూర్చోగా చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు. రాట్నం ముందు కండెలు చుడుతున్నప్పుడు కూడా ఒక కాలు మడిచి, ఇంకో కాలు లేవడానికి వీలుగా చాపుకునేది. పది కండెలు చుట్టేలోపు నాలుగుసార్లు లేచేది. పెళ్ళైన కొత్తలో అత్త పెట్టిన ‘కాలుగాలిన పిల్లి’ అన్న పేరు, అత్త పోయినా పోలేదు. అయితే ఆ తిరుగుడంతా ఇంట్లో ఉన్న ఒక్క గుంట మగ్గం చుట్టూనే. ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేసేవాడు ఆమె మొగుడు, వరసకు మేనమామ, రత్నస్వామి.

తిరుత్తణికి మూడు మైళ్ళలో ఉన్న ఆ నేతవీధిలో రత్నస్వామి చేతికి పెద్ద పేరు. చీరలు నేయించే షావుకారు దగ్గర్నుంచి లేతరంగు చీరలన్నీ ఆయనకే వచ్చేవి. గంజి పెట్టిన నూలు మీద చెమట చుక్క పడితే మచ్చ నిలిచిపోతుంది, ఎంత ఉతికినా పూర్తిగా పోదు. ముప్పై ఏళ్ళలో ఆయన నేసిన బట్ట మీద ఒక్క మచ్చ లేదు. ఎట్లా సాధ్యమని అడిగితే మీసం దువ్వేవాడు.

“తాగితే కదరా చెమట పట్టేది? పొద్దున ఒక చెంబు, దీపాలు పెట్టేవేళ ఒక చెంబు. నడాన గొంతు తడపను.”

వీధిలో నేతగాళ్ళందరూ దీన్ని వేదవాక్కులా పట్టుకున్నారు. మనుషులు తెలివితక్కువ పనిని ఎంత నిష్ఠగా చేస్తారో చూస్తే ఒక్కోసారి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

నూలుకు మాత్రం నీళ్ళలోటు లేదు. ఎండిన గాలి తగిలితే మగ్గం మీది పడుగు పోగులు పుటుక్కున తెగుతాయి. అందుకని నడివేసవి కత్తిరి ఎండల్లో తలుపూ కిటికీ మూసి, వాటికి తడి గోనెలు వేలాడదీసి, గుంటలో నీళ్ళు చల్లేవాళ్ళు. సరసమ్మ గంటకోసారి బిందెతో వచ్చి ఆ పని చేసేది. రోజూ నాలుగు బిందెల నీళ్ళు మగ్గమే తాగేది.

ఎనభై రెండో సంవత్సరం మే నెలలో గంధం రంగు చీర మగ్గమెక్కింది. మూడు రోజులు గడిచేసరికి రత్నస్వామి సాయంత్రం గుంటలోంచి లేస్తూనే పిక్కలు పట్టేసి గోడ పట్టుకుని నిలబడ్డాడు. తలనొప్పన్నాడు. ఒంటికి పోతే పసుపు కలిపినట్టు పోతోందన్నాడు. కూరలో ఉప్పు లేదని అరిచాడు, ఉందంటే దానికీ అరిచాడు. సరసమ్మకు మనసు నిలవడం లేదు.

“మామా, ఒక లోటా మజ్జిగన్నా తాగు. పెదవులు చూడు, ఎట్లా పగిలిపోయిండాయో!”

“చుమ్మా ఉండు మే,” అని కసిరాడు. “మచ్చ పడితే షావుకారుకు నువ్వు జవాబు చెప్తావా?”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఆమె బిందె ఎత్తుకుని మళ్ళీ గుంటలో నీళ్ళు చల్లింది.

ఆరోరోజు మధ్యాహ్నం ఆమె పంచలో కండెలు చుడుతోంది. చేతులు రాట్నం మీద, చెవులు లోపలి మగ్గం మీద. మగ్గం చప్పుడు ఆగింది. రెండు దెబ్బలు గబగబా పడ్డాయి. మళ్ళీ ఆగింది. ఆమె చేతిలో కండె అక్కడే పడేసి లోపలికి పరుగెత్తింది.

చీకటి గదిలో ఆవిరి కమ్ముకుని ఉంది. రత్నస్వామి నవ్వుతున్నాడు.

“సరసా, చూడు. నడినెత్తి పొద్దు, ఒక్క చుక్క చెమట లేదు! ఒళ్ళు ఎంత పొడిగా ఉందో చూడు.”

మాట ముద్దగా వచ్చింది, నాలుక అంగిలికి అంటుకుంటోంది. నిజం చెప్పాలంటే సరసమ్మకు కూడా ఒక్క క్షణం సంతోషమేసింది. ఆ వీధిలో పెరిగిన ఎవరికైనా అంతే. అప్పుడు ఆయన చెయ్యి చాపి, “అమ్మా, కండె ఇయ్యి,” అన్నాడు. ఆయన తల్లి పోయి పన్నెండేళ్ళు.

సరసమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది. పెనంలా కాలుతోంది, చెమ్మ అన్నది లేదు. తెగబోయే పోగును తాకితే ఎట్లా గరగరలాడుతుందో ఆమె వేళ్ళకు చిన్ననాటి నుంచి తెలుసు. మొగుడి చర్మం అట్లాగే తగిలింది.

“అయ్యో దేవుడా! నూలుకు తాపినాను గానీ మనిషికి తాపలేదే!”

గోనె లాగేసి తలుపు బార్లా తెరిచింది. వడగాలి లోపలికి కొట్టింది. పోగులు ఒకటొకటిగా తెగడం మొదలైంది.

“తలుపు! పడుగు పోతాది!” అని రత్నస్వామి మూలిగాడు.

“తెగనీ!” అని అరిచి, పక్కింటి వరదన్‌ను కేకేసింది. ఇద్దరూ కలిసి ఆయన్ని బయటికి లాగి పంచనీడలో పడుకోబెట్టారు. బిందె నీళ్ళు ఒంటి మీద కుమ్మరించి, తడి గోనెలు కప్పి, చేటతో విసిరారు. ఆయన కళ్ళు మూతలు పడుతుంటే వరదన్ చెంబు నోటికి పెట్టబోయాడు.

“వద్దన్నా! తెలివి లేనోని నోట్లో పోస్తే పొరబోతాది. బండి కట్టు, తిరుత్తణి ఆస్పత్రికి పోదాం.”

దారి పొడవునా ఆమె గోనెలు తడుపుతూనే ఉంది.

ఆస్పత్రిలో సెలైను ఎక్కించారు. ఆరంబాక్కం నుంచి వచ్చిన నర్సు ఆరోగ్యమేరి ఆయన చర్మాన్ని వేళ్ళతో చిటికెడు పైకి లాగి వదిలింది. అది అట్లాగే లేచి నిలిచింది. జరిగింది విని ఆమెకు ఒళ్ళు మండింది.

“చెమట పట్టలేదని సంతోషపడినారా? చెమట పడితేనేగా ఒళ్ళు చల్లబడేది! ఒంట్లో నీళ్ళు అయిపోయినాయమ్మా. ఇంకో గంట ఉండింటే మనిషి యాడుంటాడు? దప్పిక అయ్యేదాకా కాచుకోకండి. గంటకొక లోటా నీళ్ళు. ఉప్పేసిన మజ్జిగ, గంజి, అంబలి, ఏదైనా సరే. మూత్రం పసుపు దిగితే ఇంకా తాగాలని అర్థం.”

సరసమ్మ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తలూపుతూ, ఏడుస్తూ, మంచం చుట్టూ తిరుగుతూ విన్నది.

పది రోజులకు రత్నస్వామి మళ్ళీ మగ్గం దగ్గరికొచ్చాడు. రెండు రోజులు తెగిన పోగులు ముడేశాడు. ఇప్పుడు నడినెత్తి ఎండలో మగ్గం ఆగాలన్నది సరసమ్మ చట్టం. కండెలు ఆమె కొంగులో ఉండేవి. లోటా ఖాళీ అయితేనే కండె చేతికిచ్చేది.

“నా నూలుకు నాతోనే బేరమా మే?” అని గొణిగి తాగేవాడు.

ఒక ఉదయం మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. సరసమ్మ రాట్నం వదిలి పరుగెత్తింది. లోపలికి వెళ్ళేసరికి రత్నస్వామి కదలకుండా బట్టను చూస్తున్నాడు. గంధం రంగు మీద రూపాయి బిళ్ళంత తడి. నుదుటి నుంచి రెండో చుక్క జారడానికి సిద్ధంగా ఉంది.

“ముప్పై ఏండ్లు, సరసా,” అన్నాడు.

ఆమె ఆ చుక్కను వేలితో తాకింది. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టింది. తడిగా, చల్లగా ఉంది. కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“పడనీ మామా. ఇంకా పడనీ.”

అని, గుంట అంచున, రెండు కాళ్ళూ మడిచి కూర్చుంది. చాలాసేపు లేవలేదు.

ఆ చీరను షావుకారు తిప్పి పంపాడు. ఆడికృత్తిక పండక్కి సరసమ్మ అదే కట్టుకుని తిరుత్తణి గుడి కొండెక్కింది. మెట్ల మీద, వాళ్ళ వీధిలోనే ఉండే పచ్చయమ్మ ఆమె భుజం చూసి, “అక్కా, మచ్చ కనబడతా ఉంది, లోపలికి మడుచుకో,” అంది.

“కనబడాలనే పైకి వేసుకున్నాను లే,” అంది సరసమ్మ. పక్కన ఎక్కుతున్న మొగుడికి నీళ్ళ చెంబు అందించింది.