నీళ్లున్న ఇంటికే కుక్కనిస్తాం

మా ఇంటికి వచ్చే కుక్కలకు పేరు పెట్టకూడదని నా నియమం. పేరు పెట్టామా, ఇక అది మన కుక్కే. ఏ కుక్కైనా బండి కింద పడిందనో, ఎవరో సంచిలో కట్టి పారేశారనో తెలిస్తే పశువుల డాక్టరు దానికి కుట్లు వేసి తెచ్చి కడపలో మా గేటు ముందు దించిపోతాడు. నయమయ్యేదాకా వరండాలో ఉంచుకుని, మంచి ఇల్లు చూసి పంపడం నా పని. పుణ్యాత్మురాలని ఒకరిద్దరు అంటారు. పనీపాటా లేనిదని మిగతా వీధంతా అంటుంది.

ఆ వీధికి నాయకురాలు మా అత్త. "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం. కుక్కలకు సత్రం పెట్టినావే, నీకేం పోయేకాలం పాపా?" అని పొద్దున కాఫీతో మొదలుపెట్టేది.

అలాంటి మనిషి మంగంపేట గనుల దారిలో లారీ తగిలి వచ్చిన నల్ల ఆడకుక్కకు పడిపోయింది. దానికి ఒక చెవి సగమే ఉంది, వెనక కాలు ఈడుస్తుంది. నేను కొన్న ప్యాకెట్ తిండి వాసన చూసి మొహం తిప్పుకునేది. అత్త సంగటి ముద్ద విసిరితే మాత్రం గాల్లోనే అందుకునేది. ఒకరోజు ఎర్రకారం పూసిన దోశ ఎత్తుకుపోయి మొత్తం తినేసింది. "సూడు, కుయ్యిమనలేదు. ఇది మన పక్క పిల్లే!" అని అత్త మురిసిపోయింది.

అంతలో మా ఆయనకు కర్నూలుకు బదిలీ అయింది. అక్కడ దొరికింది మేడ మీద వాటా. కుక్కలు కూడదని ఇంటామె ముందే చెప్పేసింది. సామాను కట్టేలోపు దీనికి ఇల్లు దొరక్కపోతే మళ్లీ ఆ లారీల రోడ్డే. కుంటి నల్లకుక్కను ఎవరడుగుతారని నేను దిగులు పడుతుంటే, దేవుడి దయ వల్ల అడిగేవాళ్లు వచ్చారు. వాళ్లను మా అత్త తరిమేసింది.

మొదట అపార్ట్‌మెంట్‌లో ఉండే కుర్ర దంపతులు వచ్చారు. అత్త మంచం మీద సర్దుకుని కూర్చుంది.

"ఏం నాయనా, మీకు నీళ్లు యాడివి?"

"మున్సిపాలిటీవి అవ్వా. దినం మార్చి దినం వస్తాయి."

"రాని దినం?"

"డ్రమ్ములో పట్టుకుంటాం."

"డ్రమ్ము అడుగంటితే?"

ఆ అబ్బాయి నవ్వాడు. అత్త నవ్వలేదు. మా వైపు పిల్లనిచ్చే ముందు పెద్దవాళ్లు పెళ్లికొడుకు కంటే ముందు ఊళ్లో నీళ్లు చూస్తారని నాకు తెలుసు. అది కుక్కకు కూడా వర్తిస్తుందని తెలియదు. తర్వాత ఒంటిమిట్ట నుంచి ఒక కిరాణా కొట్టాయన వచ్చాడు. వాళ్ల బోరులో ఉప్పు నీళ్లట. "బొచ్చు రాలిపోతాది" అని కాఫీ ఇచ్చి పంపేసింది.

నాకు ఒళ్లు మండింది. "అత్తా, మనం ఇచ్చేది కుక్కను! పెండ్లికూతుర్ని కాదు!"

"నోరు లేని పిల్ల. అది అడగలేదని నేనూ అడగకూడదా?"

చివరికి కమలాపురం నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. చీనీకాయల తోటకు కాపలా కుక్క కావాలట. "నేనే వచ్చి చూస్తా" అని అత్త ఆటో పిలిపించింది. కుక్క ఆమె ఒళ్లో తల పెట్టుకుని ప్రయాణం చేసింది. అక్కడ దిగాక అత్త ఇంటి వైపు చూడలేదు, మనుషుల వైపు చూడలేదు. తిన్నగా బోరు దగ్గరికి నడిచింది. పైపులో చుక్క లేదు.

రైతు మొహం వాడిపోయింది. "కరెంటు పోయిండాదవ్వా! వచ్చిందంటే శానా నీళ్లు!"

"వచ్చేదాకా కూచుంటా" అని గట్టు మీద చతికిలబడింది.

మేమూ కూర్చున్నాం. రైతు భార్య అన్నం పెట్టింది, తిన్నాం. ఆమె మా అత్తతో వియ్యపురాలితో మాట్లాడినంత జాగ్రత్తగా మాట్లాడుతోంది. నేను జీవితంలో ఏ దేవుడికీ మొక్కనంతగా కరెంటుకు మొక్కాను. ఎండ వాలుతుండగా మోటారు గుర్రుమంది. పైపు నుంచి నీళ్లు దూకాయి. కుక్క వాటిని చూసి మొరిగి, వెంటనే కాలవలో పడి పొర్లి, కడుపు నిండా తాగి మా అందరి మీదా విదిలించింది. అత్త దోసిలి పట్టి తాగింది.

"తియ్యగుండాయి. ఇస్తాండాం."

తిరుగు ప్రయాణంలో ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంటూనే ఉంది. నా ఏడుపు బయటపడకుండా ఎగతాళికి దిగాను. "అన్నీ చూసి ఇస్తిరి కదా, ఇంకా ఏడుపెందుకు?"

"నన్నిచ్చేటప్పుడు మా నాయన ఇల్లు చూసినాడు, చేను చూసినాడు. నీళ్లు చూడలేదు పాపా. మీ మామ ఊర్లో బిందె సంకనేసుకుని ఏటి దాకా పోతాంటి. కడుపుతో ఉన్నా పోతాంటి. మా నాయన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే ఏడ్చేటోడు."

అన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నేను ఒక్కనాడూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆటో కుదుపులకు ఆమె చెయ్యి జారకుండా గట్టిగా పట్టుకున్నాను.

"ఆ పిల్ల తరపున నీళ్లు అడిగేదానికి నేనుంటి" అంది.